పొద్దు గూకేలోపు

(పల్నాడులో ఒక పల్లె సంఘం కోత పండుగ కూడికల్లో సాయంత్రం పూట చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి ఉంచాం.)

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకి, ఇక్కడ చాప మీద కూర్చున్న పిల్లలకి కూడా వందనాలు. వెనకాల నిలబడ్డ తమ్ముళ్లు కాస్త ముందుకొచ్చి కూర్చోండి. అంత దూరం మైకు వినపడదు.

నాకిచ్చిన అంశం "అనుదిన జీవితంలో భక్తి". దీని మీద మాట్లాడమంటే మామూలుగా ఏం చెబుతాం? పొద్దున లేవగానే మోకరించండి, రోజుకి ఒక అధ్యాయమన్నా చదవండి, ఆదివారం గుడి మానొద్దు. మంచి మాటలే. కానీ అవి మీకు తెలియనివి కావు. నేను ఇంకోసారి చెబితే మీరు ఇంకోసారి తల ఊపుతారు, అంతే. అందుకని ఇవాళ పొద్దుటి భక్తి జోలికి పోను. సాయంత్రం గురించి మాట్లాడతాను. పొద్దు గూకేలోపు అయిపోవాలని దేవుడు గడువు పెట్టిన పనులు కొన్ని బైబిల్లో ఉన్నాయి. "తొందరగా చెయ్యి" అని కాదు, "వీలు చూసుకుని చెయ్యి" అని అసలే కాదు. సూర్యుణ్ణి చూపించి, అది దిగేలోపు అన్నాడు.

మొదటిది కూలి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం, 14, 15 వచనాలు. బైబిలు తెచ్చుకున్నవాళ్లు తియ్యండి. అక్కడున్నదాని సారాంశం ఇది: దరిద్రుడైన కూలివాణ్ణి బాధపెట్టొద్దు. ఏనాటి కూలి ఆనాడే, సూర్యుడు అస్తమించకముందే వాడికి ఇచ్చెయ్యి. ఎందుకంటే వాడు బీదవాడు, వాడి ప్రాణం ఆ కూలి మీదే పెట్టుకుని ఉన్నాడు. ఇవ్వకపోతే వాడు నీ మీద దేవుడికి మొరపెడతాడు, అది నీకు పాపమవుతుంది.

ఒక్కో ముక్కా చూడండి. వాడు పాస్టరు గారికి చెప్పుకుంటాడనో, పంచాయితీ పెడతాడనో అనలేదు. దేవుడికి మొరపెడతాడు అన్నాడు. మనం గంట కూర్చుని చేసే ప్రార్థన పైకి పోతుందో లేదో అని మనకి అనుమానం గానీ, వాడి మొర సంగతిలో దేవుడికి అనుమానం లేదు. పద్నాలుగో వచనంలో ఇంకో మాట కూడా ఉంది. ఆ కూలివాడు నీ సహోదరుడైనా, నీ దేశంలో నీ గ్రామంలో ఉన్న పరదేశి అయినా సరే అంటాడు. మన ఊళ్లో ఈ మాట ఎవరికి తగులుతుందో నేను చెప్పాలా? మిరప కోతలప్పుడు కర్నూలు వైపు నుంచి, ఆదోని, ఆలూరు పక్కల నుంచి పిల్లాజెల్లాతో వచ్చి పొలం గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉండేవాళ్లు ఎవరు? మన బంధువులు కారు, మన సంఘం కారు, చాలామంది మన మతం కూడా కారు. ఆ వచనం పేరు పెట్టకుండా చెప్పింది వాళ్ల గురించే. వాళ్ల లెక్క ఊరికి పోయేటప్పుడు కదా చూసేది, అప్పటిదాకా ఖర్చులకి కొంచెం కొంచెం ఇస్తాం కదా, అంటారు. ముందే మాట్లాడుకుని, వాళ్లకి ఇష్టమై ఒప్పుకున్న పద్ధతి అయితే నాకు పేచీ లేదు. కానీ పోయే రోజు లారీ వచ్చి నిలబడ్డాక, సామాను ఎక్కించాక, "ముఠా మేస్త్రితో మాట్లాడుకోండి" అని మనం తప్పుకుంటే మాత్రం పేచీ నాది కాదు, పైవాడిది.

లేవీయకాండం 19వ అధ్యాయం పదమూడో వచనంలో కూడా ఇదే మాట ఉంది, కాకపోతే అక్కడ గడువు కొంచెం వేరు. కూలివాడి జీతం మరునాటి ఉదయం దాకా నీ దగ్గర ఉండకూడదు అంటుంది. ఒకచోట సాయంత్రం, ఇంకోచోట తెల్లారేలోపు. దీన్ని యూదుల పండితులు కూర్చుని విడదీశారు. వాళ్ల పాత ధర్మ నియమాల పుస్తకం మిష్నాలో ఉంది. పగలు పని చేసినవాడు ఆ రాత్రంతా తన కూలి అడగొచ్చు, రాత్రి పని చేసినవాడు మరుసటి పగలంతా అడగొచ్చు. అంటే పని ముగిసిన దగ్గర్నుంచి ఒక్క పూట. కాపలావాడి సంగతి కూడా ఆలోచించారన్నమాట. మనకీ వాచ్‌మెన్లు ఉన్నారు, పాలు పోసేవాళ్లు ఉన్నారు, ఇళ్లల్లో అంట్లు తోమే అమ్మలు ఉన్నారు. ఒకటో తారీఖు అన్న జీతం ఏడో తారీఖు అవుతుంది, పదో తారీఖు అవుతుంది. ఆవిడ అడగదు. అడిగితే పని పోతుందేమోనని అడగదు. ఒకప్పుడు "చిల్లర లేదమ్మా, రేపు తీసుకో" అనేవాళ్లం. ఇప్పుడు ఫోన్‌పే వచ్చింది, చిల్లర సాకు పోయింది. ఇప్పుడేమంటున్నాం? "సర్వర్ డౌన్ ఉందమ్మా." (నవ్వులు)

నవ్వారు కదా, ఇప్పుడు కాస్త నవ్వు రాని మాట చెబుతాను. మలాకీ గ్రంథం మూడో అధ్యాయం పదో వచనం చెప్పండి ఎవరన్నా. చూశారా, ఇంతమంది చెప్పారు. పదియవ భాగమంతా నా మందిరపు నిధిలోకి తీసుకురండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతాను. ఇది మనకి కంఠస్థం. కానుకల సంచి తిరిగేటప్పుడు వింటూనే ఉంటాం. బోర్డు మీద రాసి పెట్టుకున్న గుళ్లు కూడా ఉన్నాయి. మరి అదే అధ్యాయంలో ఐదో వచనం ఎవరన్నా చెప్పగలరా? ఇంత నిశ్శబ్దమా! సరే, నేనే చెబుతాను. నేను తీర్పు తీర్చడానికి మీ దగ్గరికి వస్తాను, చిల్లంగివాళ్ల మీద, వ్యభిచారుల మీద, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్ల మీద సాక్ష్యం చెబుతాను అంటున్నాడు దేవుడు. అదే వరసలో, ఆగకుండా, కూలివాళ్లని కూలి విషయంలో బాధపెట్టేవాళ్లని, విధవరాళ్లని, తండ్రిలేనివాళ్లని బాధపెట్టేవాళ్లని చేర్చాడు. చిల్లంగి చేసేవాణ్ణి ఊళ్లోకి రానిస్తామా? కూలి ఎగ్గొట్టినవాణ్ణి మాత్రం కమిటీలో వేసుకుంటాం. పదో వచనం చదివి ఐదో వచనం దాటేసే సంఘానికి ఆకాశపు వాకిళ్లు ఎట్లా తెరుచుకుంటాయో నాకు అర్థం కాదు. కూలి డబ్బులు ఆపుకుని, అందులోంచి దశమభాగం తీసి కవర్లో పెట్టి ఇస్తే అది ఎవరి కానుక? పేరు మనది, డబ్బు ఆ మనిషిది.

కోపగించుకోకండి. నేను మన సంఘాన్ని చూసి మాట్లాడటం లేదు. అన్ని సంఘాల్లోనూ ఇది ఉంది. కూడికలు మూడు రోజులు బ్రహ్మాండంగా జరిపిస్తాం. ప్రసంగీకుడికి కవరు ఇస్తాం, శాలువా కప్పుతాం. షామియానా వాళ్లు, కుర్చీల వాళ్లు, మైకు సెట్టు కుర్రాళ్లు, వంటవాళ్లు మాత్రం "వచ్చే ఆదివారం రండి" అనిపించుకుని పోతారు. ఆ మైకు కుర్రాడు హిందువో ముస్లిమో అయి ఉంటాడు. మూడు రోజులు మన వాక్యం అంతా తనే సౌండు పెంచి ఊరికి వినిపించాడు. నాలుగో రోజు మనమేమిటో కూడా తనకే తెలుస్తుంది.

మన పెద్దల చరిత్ర ఒకటి గుర్తు చేస్తాను. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మనందరం చెప్పుకుంటాం. చిన్నపిల్లలకి కూడా ఆ అంకె తెలుసు. దానికి ముందు ఏం జరిగిందో అంతగా చెప్పుకోం. 1876 నుంచి 78 దాకా మహా కరువు. పశువులు పోయాయి, మనుషులు పోయారు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత మేర కాంట్రాక్టు తీసుకున్నారు. ఆయనకి సర్వే పని తెలుసు. ఆకలితో ఉన్నవాళ్లకి పని పెట్టి కూలి ఇచ్చారు. పని మధ్యలో, పని అయ్యాక బోధకులు వాళ్లతో కూర్చుని మాట్లాడేవాళ్లు. కరువు నడుస్తున్నంత కాలం మాత్రం బాప్తిస్మాలు ఆపేశారు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. చూడండి ఆ వరస. ముందు మట్టి తట్ట, ఆ తర్వాత కూలి, ఎప్పటికో నీళ్లు. మన ముత్తాతలు సువార్త విన్నది ఇలాంటి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని కాదు, మట్టి మోస్తూ విన్నారు. మెదక్ గుడి కూడా అంతే. పాస్నెట్ అనే మిషనరీ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పెట్టించిన కట్టడం అది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు. ఇప్పుడు మనం బస్సులేసుకుని పోయి ఫొటోలు దిగుతాం. ఆ రాళ్లు మోసినవాళ్లు ఆ రోజుల్లో ఇంటికి గింజలు తీసుకుపోయారన్నది నాకు ఆ గోపురం కంటే గొప్పగా కనిపిస్తుంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన కట్టడం ఒకటి యిర్మీయా 22లో ఉంది. యెహోయాకీము రాజు పెద్ద ఇల్లు కట్టించాడు. విశాలమైన మేడ గదులు, కిటికీలు, దేవదారు పలకలు, ఎర్ర రంగు. పనివాళ్లకి మాత్రం జీతం లేదు. ప్రవక్త ఆ ఇంటి ముందు నిలబడి "అయ్యో, నీకు శ్రమ తప్పదు" అన్నాడు. ఆ తర్వాత ఆ రాజు తండ్రి యోషీయాని గుర్తు చేశాడు. నీ తండ్రి కూడా తిన్నాడు, తాగాడు, కానీ దీనుల వ్యాజ్యం తీర్చాడు, నన్ను ఎరగడమంటే అదే కదా, అని దేవుడు అడుగుతున్నాడు. దేవుణ్ణి ఎరగడం అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన చోటు పాత నిబంధనలో నాకు ఇంకోటి కనపడదు.

ఆ యోషీయా పేరు ఎత్తాను కాబట్టి రెండో గడువు దగ్గరికి వస్తాను. అది తాకట్టు. నిర్గమకాండం 22వ అధ్యాయం 26, 27 వచనాలు. పొరుగువాడి పై బట్టని తాకట్టు పెట్టుకుంటే సూర్యుడు అస్తమించేలోపు తిరిగి ఇచ్చెయ్యాలి. ఎందుకు? వాడు కప్పుకునేది అదొక్కటే. అది లేకపోతే ఏం కప్పుకుని పడుకుంటాడు? దేవుడు ఈ ప్రశ్న అడిగాడు, నేను కాదు. ఇది పుస్తకంలో మాత్రమే ఉన్న మాట అనుకోకండి. 1960లో ఇశ్రాయేలు సముద్ర తీరంలో, యవ్నే దగ్గర ఒక పాత కోట తవ్వకాల్లో, కుండపెంకు మీద సిరాతో రాసిన అర్జీ ఒకటి దొరికింది. క్రీస్తుకు ముందు ఏడో శతాబ్దం చివరిది. యోషీయా కాలంలోదని చాలామంది పండితులు అంటారు. రాయించినవాడు కోత కూలీ. కోట అధికారికి మొరపెట్టుకుంటున్నాడు: అయ్యా, నేను నా వంతు కోత కోసి, కొలిచి, కొట్లో పోశాను. షోబాయి కొడుకు హోషాయాహు వచ్చి నా బట్ట తీసుకుపోయాడు. నాతోపాటు ఎండలో కోసిన నా అన్నదమ్ములందరూ నాకు సాక్ష్యం. నా తప్పు లేదు, నా బట్ట ఇప్పించండి. ఒకవేళ ఇప్పించే బాధ్యత మీది కాదనుకున్నా, కనికరించి అయినా ఇప్పించండి.

రెండున్నర వేల ఏళ్ల పైమాట. పేరు లేని కూలీ. తీసుకుపోయినవాడి పేరు మాత్రం తండ్రి పేరుతో సహా ఇవాళ్టికీ ఉంది. మ్యూజియంలో ఉంది. నాకు ఆ పెంకు గురించి చదివినప్పుడల్లా హోషాయాహు ఇంట్లో ఆ రాత్రి ప్రార్థన జరిగే ఉంటుంది కదా అనిపిస్తుంది. ఆమోసు ప్రవక్త ఈ సంగతే అన్నాడు. తాకట్టు పెట్టిన బట్టల మీద బలిపీఠాల పక్కనే పడుకుంటున్నారు అని. బట్ట పక్కనోడిది, భక్తి మనది.

మన దగ్గర ఇప్పుడు బట్టలు తాకట్టు పెట్టుకునేవాళ్లు లేరు. పుస్తెలతాడు ఉంది, పట్టాదారు పాసు పుస్తకం ఉంది. పింఛను పడే ఏటీఎం కార్డు తీసుకుని పిన్ నంబరు రాయించుకునేవాళ్లు కూడా ఉన్నారు. నూటికి రెండు, నూటికి మూడు అని మనం అలవాటుగా అనేస్తాం. నెలకి కదా, తక్కువే అనిపిస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి ఇరవై నాలుగు, మూడంటే ముప్పై ఆరు. బ్యాంకు ఇంత వేస్తే మనం ధర్నా చేస్తాం. నిర్గమకాండంలో ఈ తాకట్టు మాటకి సరిగ్గా ముందు వచనం చదువుకోండి, నా ప్రజలలో బీదవాడికి సొమ్ము అప్పిస్తే వాడి దగ్గర వడ్డీ కట్టించుకోకూడదు అని ఉంటుంది. వ్యాపారానికి ఇచ్చే అప్పు వేరు, ఆసుపత్రి ఖర్చుకి చెయ్యి చాచినవాడికి ఇచ్చే అప్పు వేరు. ఆ తేడా మనకి తెలియదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

ఇంకో చిన్న నియమం ఉంది, నాకు చాలా ఇష్టం. ద్వితీయోపదేశకాండం 24లోనే, పదో వచనం, పదకొండో వచనం. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి వెళ్లకూడదు. బయట నిలబడాలి. ఆ ఇంటివాడే వస్తువు బయటికి తెచ్చి ఇస్తాడు. బీదవాడి గడపకి కూడా ఒక పరువు ఉందని దేవుడు చట్టం రాశాడు. మన రాష్ట్రంలో 2010లో ఏమైందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మైక్రోఫైనాన్స్ కంపెనీల చిన్న అప్పులు, వారం వారం వసూళ్లు, గ్రూపు మొత్తం ఒక ఇంటి ముందు కూర్చోవడం, ఆత్మహత్యలు. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదాలు పంచాయతీ ఆఫీసు దగ్గరో, అందరికీ తెలిసిన బహిరంగ స్థలంలోనో కట్టించుకోవాలి, ఇంటి చుట్టూ తిరిగి వేధించకూడదు అన్నారు. మోషే ధర్మశాస్త్రంలో ఉన్న మాటే మూడు వేల ఏళ్లకి మనకి ఆర్డినెన్సు రూపంలో వచ్చింది. ఇప్పుడు లోన్ యాప్‌ల వాళ్లు గడప దాకా కూడా రావట్లేదు, నేరుగా ఫోన్లోకి దూరి బంధువుల నంబర్లన్నీ తీసుకుంటున్నారు. పిల్లలూ, మీకు చెబుతున్నాను, వాటి జోలికి పోకండి. పోయి ఉంటే ఇంట్లో చెప్పండి. అమ్మానాన్నలూ, పిల్లలు చెబితే కొట్టకండి, విని ఊరుకోండి.

మూడోది కోపం. ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయం, సూర్యుడు అస్తమించేవరకు మీ కోపం నిలిచి ఉండకూడదు. దీని మీద పెళ్లిళ్లలో చాలా ప్రసంగాలు విన్నారు కాబట్టి నేను పొడిగించను. ఒక్క సంగతి మాత్రం. పౌలు ఇక్కడ కోపమే పడొద్దు అనలేదు. కోపానికి కూడా కూలికి పెట్టిన గడువే పెట్టాడు. కూలి ఎగ్గొట్టినవాడి మీద కోపం రావాలి, రాకపోతే మనలో ఏదో లోపం ఉంది. కానీ వదినా మరదళ్లు, తోడికోడళ్లు ఒకే గుళ్లో చెరో వైపు కూర్చుని ఆరేళ్లు ప్రభువు బల్ల, అదే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, ఇది ఏ సూర్యుడి లెక్కో మీరే చెప్పాలి.

నా మాటలు అయిపోయాయి. అయ్యగారు ప్రశ్నలకి టైము ఇస్తానన్నారు. ఆ, చెప్పండి అన్నా.

(ఒక రైతు లేచి అడిగిన ప్రశ్న: "మీరు చెప్పింది బాగానే ఉంది అయ్యా. మేం మిరపకాయ గుంటూరు యార్డుకి వేస్తే మాకే డబ్బులు వెంటనే రావు. కమీషను కొట్టు ఆయన ఇదిగో అదిగో అంటాడు. మాకే రాకపోతే సాయంత్రానికి కూలి ఎక్కణ్ణుంచి తేవాలి?")

మంచి ప్రశ్న. నిజమైన ప్రశ్న కూడా. ముందు ఒక మాట ఒప్పుకుందాం. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో మీ చేలు కోసిన పనివారి కూలి మొరపెడుతోంది అన్నది ధనవంతులని. నువ్వు ధనవంతుడివి కాదు. నీ డబ్బు ఆపినవాడికి ఆ వచనం ముందు తగులుతుంది, నీకు తర్వాత. అది నీకు చెప్పకపోతే నేను అన్యాయం చేసినట్టే. కానీ అన్నా, కోత మొదలయ్యే రోజు నీకు తెలుసు. ఎంతమంది కావాలో తెలుసు, రోజు కూలి ఎంతో తెలుసు, యార్డు సంగతి మనకి పాతికేళ్ల నుంచీ తెలుసు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు కదా, లూకా 14లో. పురుగుమందుకి ముందే డబ్బు పక్కన పెడతాం. ఎందుకంటే మందు కొట్టువాడు అరువు ఇవ్వడు, ఇచ్చినా వడ్డీ వేస్తాడు. కూలీ వడ్డీ వెయ్యడు. అందుకని వాడిది చివరికి పోతుంది. ఆ వరస తిప్పితే చాలు. మందు డబ్బుతోపాటు కోత డబ్బు కూడా ముందే తీసి పెట్టు. మొత్తం పెట్టలేకపోతే, పనిలోకి పిలిచే రోజే చెప్పు. "ఇంత ఇవాళ ఇస్తాను, మిగతాది ఫలానా రోజు" అని. ఇష్టమున్నవాళ్లు వస్తారు, లేనివాళ్లు రారు. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని పొద్దునే రోజుకి ఒక దేనారం, అంటే అప్పటి వెండి నాణెం, ఇస్తానని ఒడబడిక చేసుకున్నాడు, సాయంత్రం గృహనిర్వాహకుణ్ణి పిలిచి ఇప్పించాడు. చివరగా వచ్చినవాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టమన్నాడు. మనం ఎప్పుడూ దాంట్లో అందరికీ సమానంగా ఇచ్చాడన్న సంగతే చూస్తాం. సాయంత్రమే ఇచ్చాడన్నది కూడా చూడు.

ఇంకోటి. ఆదివారం ఇస్తానని చెప్పావనుకో, గుడి అయిపోయాక చూద్దాం అనుకోకు. ఆరాధన పదింటికి కదా, వాళ్లుండే గుడారాలు నీకు దారిలోనే. ముందు అక్కడ ఆగు, డబ్బులు ఇచ్చెయ్యి, ఆ తర్వాత రా. పాటలకి పది నిమిషాలు ఆలస్యమైనా అయ్యగారు ఏమీ అనరు. ఏం అయ్యగారూ?

(అయ్యగారు: "నేనేమీ అనను. కానుకల టైముకి వస్తే చాలు." నవ్వులు.)